తమ్ముడికి చెప్పని రాత్రులు

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో ఎవరి పేరూ రాయను. రాస్తే మా తమ్ముడికి తెలిసిపోతుంది. వాడు చదివే రకం కాదు, పేపరొస్తే క్రికెట్ పేజీ చూసి మడత పెట్టేస్తాడు. అయినా మన జాగ్రత్తలో మనం ఉండాలి. మా బంధువుల్లో ఒకరి చెవిన పడితే చాలు, సీతమ్మధార నుంచి గాజువాక దాకా టముకు వేసినట్టే.

ఇదంతా ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం నా మనవడు. కూతురి కొడుకు, ఆరో ఏడు నడుస్తోంది. మొన్న వేసవి సెలవుల చివర్లో, సీతమ్మధారలో మా అమ్మాయి వాళ్ళ ఫ్లాట్లో, అందరం హాల్లో కూర్చుని టీవీ చూస్తుండగా లోపలి గదిలోంచి కేక వినిపించింది. మామూలు ఏడుపు కాదది. పరిగెత్తుకెళ్ళి చూస్తే వాడు మంచం మీద లేచి కూర్చుని, కళ్ళు ఇంతింత చేసుకుని గోడవైపు చూస్తూ అరుస్తున్నాడు. ఒళ్ళంతా చెమట. మా అమ్మాయి వాటేసుకోబోతే తన్నాడు. అల్లుడు గదిలో లైట్లన్నీ వేసి, ఒక చేత్తో వాడి భుజం పట్టి ఊపుతున్నాడు, రెండో చేత్తో ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు.

"ఊపకు బాబూ. లైట్లు ఆపు. వాడు నిద్రలో ఉన్నాడు," అన్నాను.

"కళ్ళు తెరిచే ఉన్నాడు కదా అత్తయ్యా!"

"తెరిచే ఉంటాయి. అయినా నిద్రే."

నేను మంచం అంచున కూర్చున్నాను. కింద పడిపోకుండా ఒక దిండు, ఒక చెయ్యి అడ్డం పెట్టాను తప్ప వాడిని పట్టుకోలేదు. కాసేపు అరిచాడు, కాసేపు ఏదో గొణిగాడు, తర్వాత వాడే ఒరిగిపోయి నోరు తెరుచుకుని నిద్రపోయాడు. మా అమ్మాయి వాడికి దుప్పటి కప్పింది. "నీకిదంతా ఎలా తెలుసమ్మా?" అంది. "ముసలిదాన్నయ్యాను, ఆ మాత్రం తెలీదా," అని తప్పించుకున్నాను.

మర్నాడు క్లినిక్కులో పిల్లల డాక్టరమ్మ కూడా అదే చెప్పింది. భయపడక్కర్లేదు, వయసుతో పాటు పోతుంది, లేపొద్దు, వేళకి పడుకోబెట్టండి, మరీ ఎక్కువైతే మళ్ళీ తీసుకురండి అంది. దారిపొడుగునా మా అమ్మాయి నావైపు అనుమానంగా చూస్తూనే ఉంది. నేను కారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. చెప్పాలంటే మా అమ్మ సంగతి చెప్పాలి, అమ్మ సంగతి చెబితే తమ్ముడి సంగతి చెప్పాలి.

మేము పాత ఊళ్ళో, హార్బరుకి దగ్గర్లో, ఒకే కప్పు కింద వరసగా కట్టిన ఇళ్ళలో ఉండేవాళ్ళం. లైనిళ్ళు అనేవారు. మధ్య గోడలు ఎంత పల్చనంటే, ఒక ఇంట్లో దగ్గితే పక్కింట్లో వాళ్ళు మిరియాల కషాయం పట్టుకొచ్చేవారు. నాన్న పోర్టులో కలాసీ. పెరట్లో ఆరేసిన బట్టల మీద ఒకరోజు ఇనపరాయి ఎర్రదుమ్ము, ఇంకోరోజు బొగ్గుల నల్లదుమ్ము. అమ్మ తెల్లచీర అనే మాట ఎప్పుడో మర్చిపోయింది. గాలి అటు నుంచి వీస్తే ఎండుచేపల వాసన, ఇటు నుంచి వీస్తే ఓడల నూనె వాసన. సాయంత్రం అయ్యేసరికి మాత్రం ఆ రెంటినీ మింగేసి అందరూ బీబమ్మ అని పిలిచే చివరింటావిడ వేయించే ఉల్లిపాయల వాసన. ఆవిడ భర్త దర్జీ. మాకు చొక్కాలూ లంగాలూ ఆయనే కుట్టేవాడు, ఎప్పుడూ ఒక బెత్తెడు పొడుగు ఉంచేవాడు, పిల్లలు పెరుగుతారని.

ఆ లైన్లో సగం మంది మగవాళ్ళు షిఫ్టుల మనుషులు. ఎవరు ఎప్పుడు నిద్రపోతారో దేవుడికి కూడా తెలిసేది కాదు. అందుకని మాకొక కట్టుబాటు ఉండేది. రాత్రి షిఫ్టు చేసొచ్చిన మనిషి పగలు పడుకుంటే, ఆ ఇంటి గుమ్మం ముందు ఖాళీ బకెట్ బోర్లించి పెట్టేవారు. బకెట్ బోర్లించి ఉంటే ఆ గుమ్మం ముందు చేపలామె కేక వెయ్యదు, పిల్లలు గోళీలాడరు, అప్పుల వాడైనా సరే పిల్లిలా అడుగులేసుకుంటూ పోతాడు. ఆ బకెట్ని లక్ష్యపెట్టని వాళ్ళని నేను చూడలేదు. మా లైన్లో తిట్టుకునేవారు, కొట్టుకునేవారు, ఒకరి కోడి ఒకరు కోసుకుతినేవారు. నిద్ర మాత్రం చెడగొట్టేవారు కాదు.

బీ షిఫ్టు వారం వచ్చిందంటే నాన్న మధ్యాహ్నం వెళ్ళి రాత్రి పదిన్నర దాటాక వచ్చేవాడు. తమ్ముడు బడి నుంచి వచ్చేసరికి ఈయన ఉండడు. ఈయన వచ్చేసరికి వాడు పడుకుంటాడు. పొద్దున్న వాడు బడికి వెళ్ళేవేళకి ఈయన గుర్రు పెట్టి నిద్ర. అందుకని మా నాయనమ్మ ఒక ఆనవాయితీ పెట్టింది. నాన్న కాళ్ళు కడుక్కుని కంచం ముందు కూర్చోగానే, నిద్రపోతున్న తమ్ముడిని ఎత్తుకొచ్చి ఆయన ఒళ్ళో పడేసేది. వాడు కళ్ళు మూసుకునే నోరు తెరిచేవాడు. నాన్న నెత్తళ్ళ చేపల పులుసు కలిపిన ముద్దలు పెట్టేవాడు. "అయ్య సేతి ముద్ద పడితేనే మగపిల్లడికి ఒంటబడతాది," అని నాయనమ్మ సిద్ధాంతం. ఆడపిల్ల ఒంటబట్టడం గురించి ఆవిడకి సిద్ధాంతాలేవీ లేవు కాబట్టి నన్ను లేపేది కాదు. ఇప్పుడనిపిస్తుంది, బతికిపోయానని.

తమ్ముడికి అప్పుడు ఐదేళ్ళు. లైన్లో ఏ ఇంట్లో చేప వేగినా మొదటి ముక్క వాడిదే. అలాంటివాడు ఒక రాత్రి, నాన్న చేతి ముద్దలు తిని పడుకున్న కాసేపటికి, లైనంతా లేచేలా కేక పెట్టాడు. నిలబడి, చేతులతో గాలిని తోస్తూ, ఎవరినీ గుర్తుపట్టకుండా అరిచాడు. నాన్న వాడిని గట్టిగా పట్టుకున్నాడు. బస్తాలెత్తే చేతులవి. పట్టుకున్నకొద్దీ వాడు ఇంకా గింజుకున్నాడు, నాన్న చెయ్యి కొరికాడు. ఇల్లంతా జనం. ఒకరు మొహాన నీళ్ళు కొట్టారు. ఒకరు మూర్ఛేమోనని చేతిలో తాళాల గుత్తి పెట్టారు. ఒకరు చెప్పు వాసన చూపించారు. చివరికి వాడు అలిసిపోయి పడిపోయాడు.

వారం తిరిగేసరికి వాడి ఒంటి మీద మూడు మతాలూ కాపురం పెట్టాయి. మొలకి నాయనమ్మ కట్టిన నల్లతాడు, దండకి బీబమ్మ తెచ్చిన తావీదు, దిండు కింద ఎదురింటి టీచరమ్మ పెట్టిన చిన్న సిలువ. టీచరమ్మ మిషను బళ్ళో పాఠాలు చెప్పేది, వాడి తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి మరీ వెళ్ళేది. ఎవరి ప్రేమ వాళ్ళది, ఎవరినీ కాదనలేం. కేకలు మాత్రం తగ్గలేదు.

అసలు చిక్కు రాత్రుళ్ళతో రాలేదు, కుళాయి దగ్గర వచ్చింది. పొద్దున్నే కుళాయి దగ్గర బిందెలు వరసలో పెట్టుకుని ఆడవాళ్ళందరూ చేరేవారు. తమ్ముడు పళ్ళపొడి నోట్లో వేసుకుని అటు వెళ్ళేవాడు. వాడికి రాత్రి సంగతి వీసమంత కూడా గుర్తుండేది కాదు. కానీ వాళ్ళు ఊరుకోరుగా.

"ఏటిరా, రేత్రి ఏటి కనపడిందిరా నీకు?"

వాడు వెర్రిమొహం వేసేవాడు.

"నల్లగా ఉన్నాడా, తెల్లగా ఉన్నాడా?"

ఏదో ఒకటి చెబితే వదులుతారని వాడు, "తెల్లగా," అన్నాడు.

"టోపీ ఎట్టుకున్నాడా?"

"ఊ."

"తడిసిపోయి ఉన్నాడా?"

"ఊ."

"ఓలమ్మో! ఓడ మీంచి పడి సచ్చిపోయిన దొరే!"

అంతే. రెండు రోజుల్లో ఓడదొర అనే దయ్యం మా లైన్లో కాపురానికి దిగింది. ఎవరికి కడుపునొప్పి వచ్చినా, ఎవరి పాలు విరిగినా దొర పనే. పాపం తమ్ముడు, వాళ్ళని సంతోషపెట్టడానికి తలూపిన దయ్యానికి తనే భయపడిపోయాడు. పొద్దుగూకితే చాలు, అమ్మ కొంగు వదలడు. పడుకుంటే దొర వస్తాడని కళ్ళు నులుముకుంటూ కూర్చునేవాడు. నిద్ర తక్కువైన కొద్దీ కేకలు ఎక్కువయ్యాయి.

నాయనమ్మ నిర్ణయం చేసేసింది. ఆనందపురం అవతల ఏదో పల్లెలో భూతవైద్యుడున్నాడు, పిల్లాడిని తీసుకెళ్ళి ఆయన దగ్గర వదిలెయ్యాలి. ఆయన పొగ వేస్తాడు, వేపమండలతో కొడతాడు, బాగయ్యాక పంపిస్తాడు. తల్లి కనపడకూడదు, కనపడితే దయ్యం మొండికేస్తుందట.

"నా కొడుకుని కొట్టించడానికి పంపనత్తా," అంది అమ్మ.

"కొట్టేది నీ కొడుకుని కాదే, దొరని!"

"దెబ్బలు తగిలీది ఎవరికి?"

 నాన్నకి వేరే బాధ. కన్నకొడుకు తన చేతుల్లో ఉండి తనని గుర్తుపట్టలేదు, పరాయివాడిని చూసినట్టు చూసి కొరికాడు. "నన్నే ఎరగనోడు నా కొడుకెలగవుతాడే? ఆడిలో ఇంకెవడో ఉన్నాడు," అన్నాడు చివరికి. ఆ మాట అన్నాక అమ్మకి అర్థమైంది, నాయనమ్మా నాన్నా ఒకటైపోయారని. అమ్మ ఒకే ఒక్క గడువడిగింది. మళ్ళీ బీ షిఫ్టు వారం వచ్చి వెళ్ళేదాకా ఆగండి, అప్పటికీ తగ్గకపోతే మీ ఇష్టం అంది. ఇచ్చారు. గడువు దాటితే తమ్ముడు వెళ్ళిపోతాడని నాకూ తెలుసు. వాడి గోళీలు నాకొస్తాయని మొదట అనుకున్నాను కూడా, తర్వాత ఏడుపొచ్చింది.

మర్నాడే అమ్మ తమ్ముడిని చంకనేసుకుని, నన్ను వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి నడిచింది. డెట్టాలు వాసనకి నేను ముక్కు మూసుకున్నాను. లోపల అలిసిపోయిన డాక్టరమ్మ ఒకావిడ ఉంది. తావీదూ మొలతాడూ చూసి నవ్వలేదు, అందుకే ఆవిడ నాకింకా గుర్తుంది. ఏ రోజుల్లో వస్తోందని అడిగింది. అమ్మ ఆలోచించి, "మా ఇంటాయన బీ షిఫ్టు వారం ఎక్కువండి," అంది. ఆ వారం ఇంట్లో ఏం మారుతుందని అడిగింది. అమ్మ ముద్దల సంగతి చెప్పింది. డాక్టరమ్మ రాస్తున్నది ఆపింది.

"గాఢంగా నిద్రపోయే పిల్లాడిని లేపి అన్నం పెడుతున్నారా?"

అమ్మ తలొంచుకుంది.

ఇది దయ్యమూ కాదు, మూర్ఛా కాదు అందావిడ. సగం నిద్ర, సగం మెలకువ. మీకే భయం, వాడికి తెలియదు. లేపొద్దు, పట్టుకోవద్దు, దెబ్బ తగలకుండా చూడండి. రోజూ ఒకే వేళకి పడుకోబెట్టండి. పొద్దున్న వాడిని అడగొద్దు, అడిగితే లేనిది తయారుచేసుకుని భయపడతాడు. పెద్దయ్యేకొద్దీ అదే పోతుంది.

"ఎప్పటికీ సెప్పొద్దా అండి?" అంది అమ్మ.

"ఇప్పుడు మాత్రం చెప్పకండి," అని డాక్టరమ్మ ఇంకొకళ్ళని పిలిచింది.

ఆవిడ 'ఇప్పుడు మాత్రం' అంది. మా అమ్మ 'ఎప్పటికీ' అని విన్నది. మా అమ్మకి సగం సగం పనులు చేతకావు.

ఇంటికొచ్చి అమ్మ నాతో అంది, "ఈ పనికి మనిద్దరం సాలమే. లైనంతా కావాల." ఆ సాయంత్రమే గుమ్మం గుమ్మానికీ తిరిగింది. పక్కింట్లో ఉండే ఆయన పోర్టులో క్రేను నడిపేవాడు. నాన్న ఆయన్ని బావ అనేవాడు కాబట్టి అమ్మకి అన్నయ్య, నాకు మావయ్య. మా వాడి కేకలకి అందరికంటే ఎక్కువ నిద్ర పోగొట్టుకుంటున్నది ఆయనే.

"నాను నిద్ర నేకుండా క్రేనెక్కితే సరుకు ఎవడి నెత్తిన పడతాదో నాకే తెల్దు సెల్లెమ్మా," అన్నాడు. కోపంగా అనలేదు. నిజమే అన్నాడు.

"తెలుసన్నయ్యా. ఈ ఒక్క బీ షిఫ్టూ ఓర్సుకో. ఆడు అరిసినా ఎవరూ రాకండి. దీపం ఎట్టకండి, పిలవకండి. ఒగ్గీండి. ఆడే తొంగుంటాడు. పొద్దున్న ఆడి ముందు ఒక్క మాట కూడా ఎత్తకండి. మీ కాళ్ళు అట్టుకుంటాను."

ఆ రాత్రి చీకటి పడగానే అమ్మ మా గుమ్మం ముందు బకెట్ బోర్లించింది. రాత్రిపూట, ఐదేళ్ళ పిల్లాడి కోసం. అటు పోతున్న వాళ్ళు పగలబడి నవ్వారు.

"ఏటమ్మా, నీ కొడుక్కి కూడా డ్యూటీయేటి?"

"డ్యూటీయే. తొంగోడమే ఆడి డ్యూటీ," అంది అమ్మ, నవ్వకుండా.

నవ్వారు గానీ, బకెట్ బకెట్టే. ఆ రాత్రి తమ్ముడు అరిచినప్పుడు ఒక్క తలుపూ తెరుచుకోలేదు. గోడ అవతల క్రేను మావయ్య మంచం కిర్రుమనడం వినిపించింది, అంతే. అమ్మ వాడికి దగ్గరగా కూర్చుని, దీపం తగ్గించి, నీళ్ళబిందె పక్కకి జరిపి ఊరుకుంది. మునుపు ఎంతోసేపు పట్టేది, ఆ రాత్రి త్వరగానే సద్దుమణిగాడు.

కుళాయి కాపలా నాది. ఈ ఉద్యోగం నేను ప్రాణం పెట్టి చేశానని ఒప్పుకోవాలి. ఎవరైనా "ఏరా, దొర..." అని మొదలెట్టగానే నేను పెద్దగా దగ్గేదాన్ని, లేకపోతే ఎవరి బిందె వరస దాటిందో చెప్పి తగువు పెట్టేదాన్ని. కుళాయి దగ్గర వరస తగువుకి మించినది లేదు, దొరలూ దయ్యాలూ ఆవిరైపోతాయి. మూలింటి ముసలమ్మ ఒకామె మాత్రం మానలేదు. తమ్ముడి గడ్డం పట్టుకుని, "మళ్ళీ వచ్చేడేటిరా?" అంది. నేను ఆమె నిండు బిందెని కాలితో తన్నాను. ఆమె నా జుట్టు పట్టుకుంది, నేను ఆమె కొంగు పట్టుకున్నాను. తమ్ముడు ఆ గొడవ చూసి చప్పట్లు కొట్టాడు. అమ్మ వచ్చి అందరి ముందూ నా వీపు మీద ఒక్కటేసి, ఇంట్లోకి తీసుకెళ్ళి బెల్లం ముక్క నోట్లో పెట్టింది. మళ్ళీ అలాంటి బెల్లం ముక్క దొరుకుతుందని, తమ్ముడిని ఇంకెవరైనా అడుగుతారేమోనని రోజూ ఎదురుచూసేదాన్ని.

ఇలా అందరినీ కట్టడి చేసిన మనిషికి ఇంట్లోవాళ్ళు లొంగలేదు. బీ షిఫ్టు వారం వచ్చింది. మొదటి రాత్రి నాన్న కంచం ముందు కూర్చున్నాడు. నాయనమ్మ తమ్ముడి వైపు వెళ్ళింది. అమ్మ అడ్డంగా నిలబడింది.

"నా కొడుక్కి నాను ముద్ద ఎట్టకూడదా?" అన్నాడు నాన్న.

"ఎట్టు. పగలెట్టు."

"పగలు నాకెక్కడ దొరుకుతాడే ఆడు?"

"ఆడు దొరకడం కాదు. నువ్వు దొరకాల ఆడికి."

నాన్న కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. పులుసు వేసిన అన్నం అలాగే ఉండిపోయింది. మా ఇంట్లో అన్నం పారెయ్యడం అదే మొదటిసారి చూశాను. అమ్మ మొహం పాలిపోయింది, అయినా పక్కకి జరగలేదు. ఆయనకి మిగిలిన ఒక్క సంతోషాన్ని తనే లాక్కుంటున్నానని అమ్మకి తెలుసు. ఆ రాత్రి పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది.

తర్వాతి రాత్రి అమ్మ పెరట్లో ఉండగా నాయనమ్మ తన పని తాను కానిచ్చేసింది. తమ్ముడు ఒళ్ళో కూర్చుని ముద్దలు తిన్నాడు, నాన్న మొహంలో వెలుగు వచ్చింది. అమ్మ వచ్చి చూసింది. బకెట్ బోర్లించింది, గోడకి ఆనుకుని కూర్చుంది. పెద్దగా ఎదురుచూడక్కర్లేకపోయింది. తమ్ముడు లేచాడు, అరిచాడు. నాన్న అలవాటు ప్రకారం రెండు చేతులూ చాపాడు.

"ముట్టుకోకు," అంది అమ్మ.

"నా కొడుకే..."

"నీ కొడుకే. ముట్టుకోకు. కూకో."

నాన్న కూర్చున్నాడు. చేతులు ఊరుకోవు కదా, వాటిని తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు. తమ్ముడు ఆయన కళ్ళలోకి చూస్తూ అరుస్తున్నాడు, ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. నేను దుప్పటిలోంచి చూస్తున్నాను. ఓడలోంచి దింపే సరుకు కింద కాలు పడ్డప్పుడు కూడా ఏడవలేదని చెప్పుకునే మనిషి. కాసేపటికి తమ్ముడి గొంతు తగ్గింది. ఊగుతూ ఊగుతూ వచ్చి, ఎవరూ పిలవకుండానే, నాన్న మోకాలి మీద తల పెట్టి నిద్రపోయాడు. నాన్న తెల్లారేదాకా ఆ మోకాలు కదపలేదు.

పొద్దున్న తమ్ముడు కళ్ళు తెరవగానే కనపడింది నాన్న. వాడికి నమ్మకం కుదరలేదు. "నాన్నా! నువ్వు తొంగోనేదేటి?" అని మెడకి వేలాడిపోయాడు. నాన్న వాడిని అలాగే ఎత్తుకుని అమ్మ వైపు తిరిగి, "ఈడు నన్ను ఎరుగుతాడే," అన్నాడు. అదేదో పెద్ద వార్తలా లైనంతా వినపడేట్టు అన్నాడు.

ఆ రోజు నుంచి బీ షిఫ్టు వారాల్లో నాన్న కోడికూతకి లేచేవాడు. కళ్ళు మండుతుండేవి, ఆవలింతలు ఆగేవి కాదు, అయినా లేచేవాడు. గంజిలో నానిన చద్దన్నం, ఉల్లిపాయ, కాల్చిన ఎండుచేప. ముద్దలు పెట్టి, వాడిని భుజాన వేసుకుని జెట్టీల వైపు తీసుకెళ్ళేవాడు. నాయనమ్మ వేళకి లేచి ముళ్ళు ఏరిపెట్టేది. ఓడిపోయానని ఆవిడ ఎప్పుడూ ఒప్పుకోలేదు, రాత్రి వాడు పడుకున్నాక ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీసి పొయ్యిలో వేసేది. అమ్మ వద్దనలేదు. "ఉప్పు నిద్ర లేపదు కదా," అనేది.

దొరని కూడా నాన్నే వదిలించాడు. ఒక పొద్దున్న పోర్టు గేటు దగ్గర ఓడ దిగిన తెల్లవాడొకడు అరటిపళ్ళ బండి దగ్గర బేరమాడుతున్నాడు. మొహం ఎండకి టమాటాలా ఉంది, నెత్తి మీద టోపీ. భాష రాక చేతులు తిప్పుతున్నాడు, బండివాడూ చేతులు తిప్పుతున్నాడు. నాన్న తమ్ముడిని దగ్గరకి తీసుకెళ్ళి, "ఇదుగోరా దొర. సూడు," అన్నాడు. ఆ దొర పండు ఒలిచి సగం వీడికిచ్చి, సగం తను తిన్నాడు. తమ్ముడు ఇంటికొచ్చి కుళాయి దగ్గర అందరికీ చెప్పాడు, దొరకి కూడా అరటిపండంటే ఇష్టమని. దయ్యం కథ అక్కడితో నవ్వులపాలైపోయింది.

బీ షిఫ్టు వారం దాటింది. కేకలు ఒకటో రెండో వచ్చాయి, తర్వాత అవీ పోయాయి. ఆనందపురం ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అమ్మ మాత్రం కట్టడి సడలించలేదు. వాడు పెద్ద క్లాసులకి వచ్చాడు, మీసాలొచ్చాయి, అయినా లైన్లో ఒక్కరు నోరు జారలేదు. అన్నీ మోసే ఆ పల్చటి గోడలు ఆ ఒక్క మాట మాత్రం వాడి దాకా మోయలేదు. వాడి పెళ్ళిలో ఆడపెళ్ళివారి ముసలావిడ ఎవరో, "పిల్లాడికి గురకా గట్రా ఉందా?" అని వేళాకోళం ఆడితే, బీబమ్మ తాపీగా పాన్ నములుతూ, "మా లైన్లోనే పెరిగేడమ్మా. పెదవి కదపకుండా తొంగుంటాడు," అంది. టీచరమ్మ గబుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. క్రేను మావయ్య బయటికి వెళ్ళిపోయి నవ్వాడు.

ఆ లైను ఇప్పుడు లేదు. కొట్టేసి పొడుగాటి ప్రహరీ కట్టారు, దాని అవతల కంటైనర్లు. నాయనమ్మ, నాన్న, బీబమ్మ, టీచరమ్మ, క్రేను మావయ్య, ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. అమ్మ చివర. పోయేముందు ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని ఇల్లు గురించి కాదు, నగల గురించి కాదు, "తమ్ముడికి సెప్పనేదు కదా?" అని అడిగింది. లేదన్నాను. అది తెలిసిన మనిషిని ఇప్పుడు నేనొక్కదాన్నే.

తమ్ముడు ఊళ్ళోనే ఉన్నాడు. వాడూ ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసి చేసి రిటైరయ్యాడు. పోయిన వారం కోనెం చేప పట్టుకుని మా అమ్మాయి ఇంటికొచ్చి, వానకి ఆ రాత్రి అక్కడే ఉండిపోయాడు. మనవడు అరిచాడు. మేము చేయాల్సింది మేము చేశాం, దీపం తగ్గించి పక్కన కూర్చున్నాం. అల్లుడు ఇప్పుడు ఫోన్ తియ్యడం లేదు, తీసిన వీడియో కూడా నా ముందే చెరిపించాను. తమ్ముడు మాత్రం గుమ్మం దగ్గర గోడ పట్టుకుని నిలబడిపోయాడు. అరవై దాటిన మనిషి. "ఏటే అప్పా ఇది? దడుసుకున్నాడేటి?" అన్నాడు. నేను నోటిమీద వేలు పెట్టి చూపించాను.

పొద్దున్న పిల్లాడు నవ్వుకుంటూ వచ్చి దోసె ముందు కూర్చున్నాడు. తమ్ముడు వాడి గడ్డం పట్టుకుని, "ఏరా, రేత్రి నీకేటి..." అన్నాడు. టేబుల్ కింద వాడి కాలు తొక్కాను, గట్టిగానే. వాడు మాట మింగేశాడు. పిల్లాడు దోసె తిని ఆడుకోవడానికి వెళ్ళిపోయాడు.

"అడిగితే తప్పేటే?"

"ఆడికి గుర్తుండదు. తెలియక్కర్లేదు."

తమ్ముడు కాఫీ తాగి గ్లాసు కింద పెట్టాడు.

"పాపం కదే. నానిలాంటిది ఎప్పుడూ సూడ్నేదు. మనింట్లో సిన్నప్పుడు ఎవరికీ ఇలగ నేదు కదా?"

వాడి మొహంలోకి చూశాను. నుదుటి మీద ముడతలు తప్ప, అందులో ఆ రాత్రుల జాడ ఒక్కటీ లేదు. అమ్మ దాచింది దాచినట్టే ఉంది.

"నేదురా," అన్నాను. "ఎవరికీ నేదు."